మూడు వందల బారల మోకు

గగనదుర్గానికి కోటగోడలు లేవు. వాటి అవసరమూ లేదు. నేలమీంచి నిట్టనిలువుగా లేచిన నల్లరాతి కొండ నెత్తిన ఆ నగరం ఉంది. పాలరాతి మేడలు, పగడాలు తాపిన గవాక్షాలు, నెమళ్ళు వాలే పసిడి కలశాలు, పొన్నపూల వాసనతో వీధులకి వీధులు నింపే ఉద్యానాలు, వీటన్నిటికీ కింది ప్రపంచంతో ఉన్న సంబంధం ఒక్కటే, తాడు. ధాన్యం తాడుమీద ఎక్కేది. గుర్రాలు కళ్ళకి గంతలు కట్టించుకుని తాడుమీద ఎక్కేవి. పరదేశపు రాయబారులు వెదురు తొట్టెల్లో కూర్చుని, కులదైవాలని తలుచుకుంటూ తాడుమీద ఎక్కేవారు. కొత్త పెళ్ళికూతురు కూడా తాడుమీదే అత్తవారింటికి చేరేది. అందుకే ఆ కొలువులో మోకులపెద్ద ఆసనం సేనాపతి ఆసనం కన్నా ఒక మెట్టు పైన ఉండేది.

ఆ ఆసనంలో పదిహేనేళ్ళుగా కూర్చున్నవాడు గుండమయ్య. ఇతనంటే నాకు ఒళ్ళుమంట. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను పక్షపాతి అనకండి. ఒకప్పుడు మంచి పనివాడే, ఒప్పుకుంటాను. కాని ఆసనం ఎక్కిన మూడేళ్ళకి అతని చేతులు నార పట్టడం మానేశాయి. పన్నెండేళ్ళుగా పని చేసింది పనివాళ్ళు, బిరుదు తగిలించుకున్నది అతను. అరచేతుల్లో కాయలు కరిగిపోయాయి, వేళ్ళకి ఉంగరాలు ఎక్కాయి. అయినా సరే, తాటిని తడిమి మంచిచెడ్డలు చెప్పడంలో ఆ వేళ్ళని మించినవి రాజ్యంలో లేవు. అతనికి మిగిలిన విద్య అదొక్కటే. దాన్ని కూడా అతను వాడుకున్నది మైలారుణ్ణి ఏడిపించడానికి.

మైలారుడు మూడేళ్ళ కిందట మైదానపు పల్లెనుంచి ఒక నార కట్ట భుజాన వేసుకుని వచ్చాడు. తాళ్ళశాలలో చివరి వరసలో కూర్చోబెట్టి దూడల పలుపులు పేనమన్నారు. పేనాడు. పేనిన ప్రతి పలుపునీ గుంజకి కట్టి, రెండో కొస తన నడుముకి బిగించుకుని, తానే దూడలా గుంజి చూసేవాడు. తోటివాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. తానూ నవ్వి మళ్ళీ గుంజేవాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో దూడలు పలుపులు తెంపుకోవడం మానేశాయి. అప్పుడు చాంతాళ్ళు పేనమన్నారు. ఎవరి బావి తాడైనా అరిగిందని తెలిస్తే పిలవకపోయినా వెళ్ళి, గిలక పక్కన కూర్చుని, ఎక్కడ అరిగిందో ఎందుకు అరిగిందో చూసుకుని వచ్చేవాడు. తరవాత ఏనుగుల మోకులు. ఆ తరవాత రాణివాసపు తొట్టె మోకు. దూడ పలుపు పేనేటప్పుడు ఎంత శ్రద్ధో, రాణిగారి మోకు పేనేటప్పుడూ అంతే శ్రద్ధ, ఒక్క వీసం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

గుండమయ్యకి కడుపు మండిపోయేది సరిగ్గా అక్కడే. ఆ కుర్రకుంక ముఖంలో ఎక్కడైనా కాస్త పొగరు కనిపిస్తే ఎంత హాయిగా ఉండేది! పొగరుబోతుని అణచవచ్చు. “చిత్తం పెద్దయ్యా” అని చేతులు కట్టుకుని నిలబడి, చెప్పిన తప్పుని రాత్రికి రాత్రే దిద్దుకుని వచ్చేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఇంట్లో కూడా మనశ్శాంతి లేదు. ఒకరోజు భోజనానికి కూర్చుంటే దూలానికి కొత్త ఉట్టి వేలాడుతూ కనిపించింది.

“ఎవరు పేనారే ఇది?” అన్నాడు గుండమయ్య.

భార్య వెంగమ నెయ్యి వడ్డిస్తూ, “మైలారుడయ్యా. పాతది మూడుసార్లు తెగి పెరుగు కుండ నేలపాలైంది కదా. నీ పనివాళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆ అబ్బాయికి ఒక్కమాట చెప్పానో లేదో, వచ్చి కట్టి వెళ్ళాడు. చూడు, కుండ ఎంత కుదురుగా కూర్చుందో!” అంది.

“నా ఇంట్లో వాడి తాడా!”

“మంచి తాడయ్యా.”

“మంచిదని నాకు తెలీదటే!” అని అరిచి, విస్తరి ముందునుంచి లేచిపోయాడు. లేచినవాడు నేరుగా వెళ్ళాడా? లేదు. మునివేళ్ళ మీద నిలబడి ఆ ఉట్టిని ఈ కొసనుంచి ఆ కొసదాకా తడిమాడు. తప్పు దొరకలేదు. దాంతో ఆ పూట ఆకలి పూర్తిగా చచ్చిపోయింది.

ఇలా ఉండగా ఆ రాజ్యం మీద పిడుగు పడింది. రాజకుమారి కువలయ ఉద్యానంలో పూలు కోస్తుండగా, కాలజిహ్వుడనే మాంత్రికుడు గద్ద రూపంలో వచ్చి ఆమెని ఎత్తుకుపోయాడు. వాడి నాలుక బొగ్గులా నల్లగా ఉంటుంది. ఏ రూపం ఎత్తినా ఆ నాలుక రంగు మాత్రం వాడు మార్చుకోలేడు. కొండకి ఉత్తరాన నోరు తెరుచుకుని ఉన్న అగాధలోయలో, రెండువందల తొంభై బారల లోతున ఉన్న గుహలో ఆమెని బంధించాడు. బార అంటే మనిషి రెండు చేతులూ బార్లా చాపినంత పొడవు. నలభై రెండో రోజు పొద్దుగుంకేసరికి ఆమెని శిలగా మార్చేస్తానని ఆకాశంలోంచి చాటి చెప్పాడు.

శరభకేతు మహారాజు తాళ్ళశాలకి వచ్చి, కిరీటం తీసి నార కట్టల మీద పెట్టాడు.

“మూడు వందల బారల మోకు కావాలి. నడుమ ఎక్కడా అతుకు ఉండకూడదు. నలభై రోజుల్లో పేనినవాడే ఇకమీదట మోకులపెద్ద. నా బిడ్డని నాకు తెచ్చిపెట్టండి” అన్నాడు. 

గుండమయ్య తన వందమంది పనివాళ్ళనీ దింపాడు. మైలారుడు ఒక్కడే కూర్చున్నాడు. నలభయ్యో రోజుకి రెండు మోకులూ సిద్ధమయ్యాయి.

ఇక్కడ గగనదుర్గపు ఆచారం ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో తాడు పేనినవాడే దాని మీద మొదట దిగాలి. దిగేముందు ఆ తాటిని పరీక్షించేది స్నేహితుడు కాదు, పోటీదారు. స్నేహితుడికి కళ్ళు మూసుకుపోతాయి, పోటీదారుడి కళ్ళు మాత్రం చురుగ్గా ఉంటాయని ఆ ఊరి పెద్దలు పెట్టిన కట్టుబాటు. పోటీదారు తాటిని బారబారా వేళ్ళతో తడమాలి. తప్పుంటే పైకి చెప్పాలి. లేకపోతే తాటి తలకట్టు మీద పోసిన మైనంలో తన బొటనవేలి ముద్ర వెయ్యాలి. దొంగముద్ర వేసినవాడి తల తీస్తారు. రెండువందల ఏళ్ళలో ఒక్కడూ దొంగముద్ర వెయ్యలేదు.

నలభై ఒకటో రోజున మైలారుడు గుండమయ్య మోకుని తడిమాడు. అరవై ఒకటో బార దగ్గర ఆగాడు. నలుగురిలో అనకుండా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“పెద్దయ్యా, ఇక్కడ నార పచ్చిది కలిసిందండి. మీ పనివాళ్ళు చూసుకోలేదు. రేపు మీరు దీనిమీద దిగాలి కదండీ, నాకు భయమేసింది.”

గుండమయ్య తడిమి చూశాడు. నిజమే. వాడు చెప్పకపోతే మర్నాడు తన ఎముకలు లోయలో ఏరుకోవాల్సి వచ్చేది. అక్కడినుంచి చాలా బారలదాకా పచ్చినారే కావడంతో ఆ మోకుని పక్కన పెట్టేశారు. ప్రాణం దక్కినందుకు సంతోషించాడా? ఏడిశాడు! వాడి వేళ్ళు తన వేళ్ళంత అయ్యాయే అని లోపల్లోపల కుతకుత ఉడికిపోయాడు.

నలభై రెండో రోజు తెల్లవారింది. లోయ అంచున మహారాజు, రెండువందలమంది సైనికులు, పుట్టెడు దిగులు. పెద్ద రాతిగుంజ పక్కన మైలారుడి మోకు చుట్టలు చుట్టలుగా పడి ఉంది. ఆముదం పీల్చి తేనెరంగులో నిగనిగలాడుతోంది. గుండమయ్య ఉంగరాలు సర్దుకుని, కళ్ళు మూసుకుని తడమడం మొదలుపెట్టాడు. దొరకాలి, ఎక్కడో ఒకచోట దొరకాలి అని ఇష్టదైవాలందరికీ మొక్కుకుంటూ తడిమాడు.

యాభై బారలు. వంద. నూటయాభై. మూడు పురులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడా బిగువు తగ్గకుండా, ఎక్కడా నార లేవకుండా సాగిపోతున్నాయి. రెండువందల బారలు దాటేసరికి గుండమయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏ పాతికేళ్ళ వయసులోనో తాను ఇలాంటి తాడు పేనాలని కలగన్నాడు. పేనలేదు. ఇక పేనలేడు. వీడు పేనేశాడు.

పక్కనే తాళ్ళశాలకి ఆముదం పోసే ముసలివాడు కుండ పట్టుకుని కూర్చున్నాడు. నెల రోజులుగా వాడుకగా వస్తున్నవాడే. పన్ను నొప్పి అని ఎప్పుడూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంటాడు. గుండమయ్య అంటే వాడికి ఎక్కడలేని అభిమానం.

“ఎంత అన్యాయం దొరా! పదిహేనేళ్ళ ఆసనం ఇవాళ్టితో పలుపులు పేనేవాడి పాలు” అని నిట్టూర్చాడు ముసలివాడు.

“నోరుముయ్యి” అన్నాడు గుండమయ్య. కాని ఆ మాట గుండెల్లో దిగబడిపోయింది.

రెండువందల ఎనభై నాలుగో బార. వేళ్ళు ఆగాయి.

ఒక పురి లోపల మెత్తన. పైకి ఏమీ లేదు, కంటికి ఏమీ ఆనదు. కాని లోపల బోలు. ఇది పేనడంలో తప్పు కాదు, ఏదో పురుగు తొలిచేసింది. దాన్ని పట్టుకున్నది తన వేళ్ళు మాత్రమే. మైలారుడు పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి తననే చూస్తున్నాడు.

చెబితే? వాడు నాలుగు గడియల్లో ఆ భాగం విప్పి మళ్ళీ పేనుతాడు. పొద్దు ఇంకా చాలా ఉంది. తాడు నిఖార్సుగా తయారవుతుంది. వాడు దిగుతాడు, రాజకుమారిని తెస్తాడు, ఆసనం ఎక్కుతాడు. చెప్పకపోతే? ‘ముప్పురిలో ఒకటి పోతే రెండు మిగులుతాయి. రెండు పురులు ఒక మనిషిని మొయ్యవా? తాడు కిర్రుమంటుంది, వీడు హడలిపోయి పైకి వచ్చేస్తాడు. పరువు పోతుంది, అంతే. ప్రాణానికి ఏం కాదు’ అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. చూశారా, ఎంత తెలివైన లెక్కో! తిరిగి వచ్చేటప్పుడు వాడి వీపున రాజకుమారి కూడా ఉంటుందన్న సంగతి ఆ లెక్కలోకి రానేలేదు. ఒళ్ళంతా అసూయ నిండినవాడికి లెక్కలు అలాగే వస్తాయి.

రెప్పపాటు ఆగిన వేళ్ళు రెండువందల ఎనభై అయిదో బార మీదకి జరిగాయి.

మైనం పోశారు. గుండమయ్య బొటనవేలు నొక్కాడు. మైలారుడు పరుగున వచ్చి అతని కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

“లే, లే. పొద్దుపోతోంది” అన్నాడు గుండమయ్య, వాడి ముఖంలోకి చూడకుండా.

మోకు కొసని రాతిగుంజకి బిగించి తక్కినదంతా లోయలోకి వదిలారు. మైలారుడు నడుముకి కత్తి, వీపుకి రాజకుమారిని మొయ్యడానికి ఖాళీ జోలె కట్టుకుని, తాటిని కాళ్ళతో మెలివేసి, బొద్దింకలు నిండిన బండల వెంట, గబ్బిలాల గుంపుల నడుమ, పొగమంచులోకి దిగిపోయాడు. యాభై బారలు దాటితే లోయగాలి మనిషి మాటని పైకి రానివ్వదు, కిందకి పోనివ్వదు. తాడు ఊపి సైగ చేద్దామన్నా గాలి దాన్ని ఎలాగూ ఊపుతూనే ఉంటుంది.

మహారాజు అంత దూరాన సైనికుల నడుమ తూర్పుముఖంగా కూర్చుని జపం చేసుకుంటున్నాడు. రాతిగుంజ దగ్గర గుండమయ్య, ఆముదం ముసలివాడు మిగిలారు.

“రెండువందల ఎనభై నాలుగు దగ్గర వేళ్ళు ఆగాయి కదూ, దొరా?” అన్నాడు ముసలివాడు మెల్లగా.

గుండమయ్య ఉలిక్కిపడ్డాడు. వేళ్ళు ఆగడం చూసి ఉండవచ్చు. బార లెక్క ఎలా తెలిసింది? ఆ లెక్క తన మనసులో తప్ప ఎక్కడా లేదు. తాటిమీద గుర్తులు కూడా లేవు.

“నీకెలా తెలుసు?”

ముసలివాడు నోటికి అడ్డం ఉన్న గుడ్డ తీసి నవ్వాడు. లోపల నాలుక బొగ్గులా నల్లగా ఉంది.

“ఆముదంతోపాటు ఆ పురుగుని అక్కడ పెట్టినవాణ్ణి నేనే కదా. ఒక్క పురే బోలు అనుకున్నావు పాపం. పైపురి నీ వేళ్ళకి అందింది. లోపల మిగతా రెండూ సగానికి సగం తినేసింది. దానికి దిగువన మనిషి బరువు పడితే పదిసార్లు ఊపిరి తీసేలోగా తెగుతుంది. ఏం, అరుస్తావా? అరిస్తే ముద్ర నీది, పొయ్యే తలా నీదే. నోరు మూసుకుంటే ఆసనం నీది. తెగిన కొస లోయలో పడిపోతుంది. సాక్ష్యం ఎవడు తెస్తాడు?”

ఇక్కడ గుండమయ్య మనసు మారి మహాత్ముడైపోయాడని నేను చెబితే మీరు నమ్మకండి. అతనికి వచ్చింది జాలి కాదు, కోపం. ఒళ్ళు తెలియని కోపం.

“ఓరి నీ నాలుక పడిపోనూ! అంత మోకుని పురుగుచేత తినిపించావా! ఆ మోకుని ఓడించాలని మూడేళ్ళుగా కుళ్ళి కుళ్ళి చస్తున్నది నేను! వాడి పనిలో తప్పు పట్టే హక్కు నాది! నడుమ నువ్వెవడివిరా?” అని కాలజిహ్వుడి ముఖాన ఆముదం కుండ ఎత్తి కొట్టాడు. కుండ పగిలి వాడి కళ్ళు మూసుకుపోయాయి.

“మహాప్రభూ! వీడే కాలజిహ్వుడు! నేను వేసింది దొంగముద్ర! నా తల తరవాత తీయించండి, ముందు వీణ్ణి పట్టుకోండి!” అని లోయ దద్దరిల్లేలా అరిచి, నడుముపట్టు విప్పి అరచేతులకి చుట్టుకుని, గుండమయ్య మోకు మీదకి దూకేశాడు.

సైనికులు కత్తులు దూసి కాలజిహ్వుడి మీద పడి, వాణ్ణి రాతిగుంజకి దూరంగా నెట్టుకుపోయారు. వాడు పిడికెడు బూడిద తీసి చల్లాడు. పదిమంది కత్తులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే రాతిబొమ్మలైపోయారు. వెనక ఇంకో పదిమంది. వాళ్ళ వెనక ఇంకో పదిమంది. మహారాజే కత్తి దూసి ముందుకు ఉరికాడు. రెండువందలమందిని బొమ్మలు చేసుకుంటూ రాతిగుంజ దాకా రావాలంటే మాంత్రికుడికైనా కొంత సేపు పడుతుంది. గుండమయ్యకి దొరికిన గడువు అంతే.

జర్రున జారాడు. వంద బారల దగ్గర నడుముపట్టు కాలి పేలికలైంది. నూటయాభై దగ్గర అరచేతుల తోలు లేచిపోయింది. ఉంగరాలు వేళ్ళలోకి దిగబడితే పళ్ళతో ఒక్కొక్కటే పీకి లోయలోకి ఉమ్మేశాడు. పైనుంచి మాంత్రికుడు ఉసిగొల్పిన రాతి గద్దలు రెండు వాలి వీపుని గీరాయి. లెక్క మాత్రం తప్పలేదు. రెండువందల డెబ్భై. ఎనభై. ఎనభై రెండు.

కింద పొగమంచులో మైలారుడు కనిపించాడు. రెండువందల ఎనభై నాలుగు దాటి ఒక బార కిందకి దిగి ఉన్నాడు. పైన రెండు పురులు అప్పటికే తెగి, పువ్వులా విచ్చుకుని వేలాడుతున్నాయి. మూడోది గిర్రున తిరుగుతూ సన్నబడిపోతోంది.

“కదలకు! ఊపిరి కూడా తియ్యకు!” అని అరిచాడు గుండమయ్య.

“పెద్దయ్యా! మీరెందుకు దిగారండీ?” అన్నాడు మైలారుడు తెల్లబోయి.

గుండమయ్య కాళ్ళు మోకుకి పెనవేసి, తల వేళ్ళాడేసి, ఎడమచేత్తో తెగినచోటికి దిగువన పట్టాడు. మైలారుడి బరువంతా ఆ భుజం మీద పడి, కీలు ఊడినంత పని అయింది. మొలలోంచి దబ్బనం తీశాడు. మోకులపెద్ద కొలువుకి వెళ్ళేటప్పుడు అలంకారానికి పెట్టుకునే వెండి దబ్బనం అది. పన్నెండేళ్ళుగా దాంతో ఒక్క పురి కూడా విప్పలేదు.

పైతాటి పురి విప్పి కిందిదానిలో దూర్చాడు. జారిపోయింది. నెత్తుటి చేతికి నార అంటడం లేదు. మళ్ళీ దూర్చాడు. పురి అడ్డంగా పడింది, వికారంగా, తన తాళ్ళశాలలో చివరి వరస పనివాడు కూడా సిగ్గుపడేలా పడింది. పీకేసి మూడోసారి దూర్చాడు. అప్పుడు ఎక్కడో అడుగున పడిపోయిన పాతికేళ్ళ వయసునాటి చెయ్యి నిద్రలేచింది. ఒకటి పైన, రెండు కింద, బిగించు. ఒకటి పైన, రెండు కింద, బిగించు. పన్నెండు వరసలు. మూడో పురి టప్పున తెగింది. అతుకు కిర్రుమని సాగి, ఆగి, నిలబడింది.

 గుండమయ్య రొప్పుతున్నాడు.

“మైలారా, ఈ బోలు నాకు పొద్దున్నే దొరికింది. తెలిసే ముద్ర వేశాను” అన్నాడు చివరికి.



“మీ వేళ్ళు ఆగడం నేనూ చూశానండి” అన్నాడు మైలారుడు.

“చూశావా? చూసీ ఎందుకు దిగావురా, బుద్ధిలేనివాడా!”

“మీరు ముందుకి జరిగారు కదండీ. మూడేళ్ళుగా నా తాటిని మీరు తిట్టని రోజు లేదు. మీరు ఎక్కడ తిడితే అక్కడ విప్పి మళ్ళీ పేనుకున్నాను. మిగతావాళ్ళంతా బావుందంటారు, వాళ్ళకి ఏం తెలుసు? ఇవాళ మీరు ఏమీ అనకుండా ముద్ర వేసేసరికి, ఇన్నాళ్ళకి నా పని కుదిరిందనుకున్నానండి. సంతోషం పట్టలేక దిగేశాను.”

 గుండమయ్యకి అరచేతుల మంటకన్నా ఆ మాట ఎక్కువగా మండింది. తిట్టినా బావుండేది. కత్తి దూసినా బావుండేది.

“దిగు ముందు. పొద్దు వాలిపోతోంది” అన్నాడు.

మైలారుడు చకచకా దిగి గుహ వాకిట్లోకి దూకాడు. మోకు చివరని లోపలికి లాక్కున్నాడు. “నేను పట్టుకున్నానండి, ఇక మీరు రండి!” అని పిలిచాడు. గుండమయ్య అతుకు పైన కూర్చుని, అలవాటు కొద్దీ దాన్ని ఇంకొక్కసారి తడుముతున్నాడు.

అంతలో పైనుంచి తాడు వదులైంది. రాతిగుంజ దాకా వచ్చేసిన మాంత్రికుడు చేతికి దొరికిన గొడ్డలితో మోకుని నరికేశాడు!

రెండువందల ఎనభై బారల మోకు ఆకాశంలోంచి మీదకి వస్తోంది. దాని బరువు పడితే గుండమయ్యతోపాటు కింద పట్టుకున్న మైలారుడూ లోయలోకి పోతాడు. గుండమయ్య మొలలో దబ్బనం పక్కన ఉండే కత్తి లాగి, పడిపోతూనే, తన పిడికిలికి పైన మోకుని ఒక్క వేటున తెగనరికాడు. అంతటి పనితనాన్ని స్వయంగా నరకాల్సి వచ్చినందుకు ఆ పడిపోయే క్షణంలోనే “అయ్యో!” అన్నాడు. తెగిన మోకు చుట్టలు చుట్టలుగా, హోరుమంటూ పక్కనుంచి అగాధంలోకి వెళ్ళిపోయింది. గుండమయ్య గుహ వాకిలి దాటి పడ్డాడు. ఒళ్ళంతా విరిగిపోయేంత కుదుపు. అతని బరువు అతను పేనిన అతుకు మీద పడింది. అతుకు తెగలేదు.

పైన గుహ అంచున మైలారుడు బోర్లా పడి, మోకుని రెండు చేతులకీ చుట్టుకుని, కాలివేళ్ళు బండకి తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగుతున్నాడు. ముడి వెయ్యడానికి వాడికి వ్యవధి లేదు. మోకు చివర వాడి చేతుల్లోనే ఉంది.

“పట్టు వదలకండి పెద్దయ్యా! లాగేస్తున్నా! ఇంకో రెండు బారలే!”

గాలిలో గింగిరాలు తిరుగుతూ గుండమయ్య తలెత్తి చూశాడు. మైలారుడి వెనక, గుహ చీకట్లో ఏదో కదిలింది. రెండు పచ్చటి కళ్ళు. ఆ తరవాత ఇనుప గోళ్ళు, ఏనుగంత ఒళ్ళు. కాలజిహ్వుడు కాపలా పెట్టిన ఎలుగుబంటి చప్పుడు లేకుండా వెనకకాళ్ళ మీద లేచి నిలబడుతోంది. దాని వెనక, పొద్దు వాలేకొద్దీ మెడదాకా శిలగా మారిన కువలయ కళ్ళతోనే కేకలు పెడుతోంది. మైలారుడికి అదేమీ తెలియదు. వాడి చూపంతా తాటిమీదా, తాటికి వేలాడుతున్న మనిషిమీదా ఉంది.

వెనక్కి తిరగాలంటే వాడు చేతుల్లో ఉన్నది వదిలెయ్యాలి. వదిలితే గుండమయ్య కింద ఏముందో ఎవరికీ తెలియదు, ఆ లోయ అడుగు చూసినవాళ్ళు లేరు.

పొద్దున రెండువందల ఎనభై నాలుగో బార దగ్గర ఎంతసేపు ఆలోచించాడో నేను చెప్పాను కదా. ఇప్పుడు అంత సేపు కూడా పట్టలేదు.

“ఒరే మైలారా! తాడు వదిలెయ్! వెనక్కి తిరుగు!” అని గుండమయ్య గొంతు చించుకుని అరిచాడు.